కట్ట కాసే చేతులు



అమెరికాలో మెక్సికో సరిహద్దునానుకుని న్యూ మెక్సికో అనే రాష్ట్రం ఉంది. ఎండు ప్రాంతం. దాని ఉత్తర కొసన టావోస్ అనే చిన్న పట్టణం. అక్కడి నుంచి ఇంకా ఉత్తరానికి వెళ్లి సాంగ్రే దె క్రిస్తో పర్వతాల వాలు ఎక్కితే, సముద్రమట్టానికి దాదాపు 8,600 అడుగుల ఎత్తున లామా ఫౌండేషన్ అనే సమాజం ఉంటుంది. మన ఆంధ్రదేశంలో ఎత్తయిన అర్మకొండ శిఖరం 1,680 మీటర్లు. వీళ్లు కూరగాయలు పండించే చోటు అంతకంటే మరో వెయ్యి మీటర్ల దాకా పైన ఉంటుంది. టిబెట్ లామాలకూ ఈ పేరుకూ సంబంధం లేదు. కొండ కింద ఉన్న చిన్న పల్లె పేరే వీళ్లు పెట్టుకున్నారు.

ఈ కొండ మీద పర్మాకల్చర్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు పొద్దున ధ్యానానికి కూర్చుంటారు, తర్వాత పార పట్టుకుంటారు. ఆ రెండూ ఒకేచోట ఎందుకు ఉండాలన్నది ఈ రోజు నా ప్రసంగ విషయం. పర్మాకల్చర్ అంటే చాలామంది శ్రోతలకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నేల, నీరు, చెట్టు, పశువు, ఇల్లు, మనిషి, వీటన్నిటినీ ఒకదానికొకటి ఆసరాగా ఉండేలా ముందే ఆలోచించి అమర్చుకునే పద్ధతి. అడవిలో ఎవరూ ఎరువు వేయరు, ఎవరూ నీళ్లు కట్టరు, అయినా అది పచ్చగా ఉంటుంది కదా. ఆ ఏర్పాటును చూసి మన పొలానికీ పెరటికీ తెచ్చుకోవడం. ఆస్ట్రేలియా దక్షిణాన టాస్మేనియా ద్వీపంలో బిల్ మాలిసన్, ఆయన దగ్గర చదువుకున్న డేవిడ్ హోమ్‌గ్రెన్ ఈ ఆలోచనకు రూపమిచ్చారు. వాళ్ల మొదటి పుస్తకం 1978లో వచ్చింది. మాలిసన్ 1928లో పుట్టి, చేపలు పట్టి, అడవుల్లో పనిచేసి, ఆ తర్వాత విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మనిషి. 2016లో కన్నుమూశారు. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కడ ఈ శిక్షణ ఇచ్చినా 72 గంటల పాఠమే ప్రమాణం. నేలను చూసుకో, మనుషుల్ని చూసుకో, మిగిలింది పంచు అనే మూడు నియమాలతో అది మొదలవుతుంది.

ఇక లామా సంగతి. 1967లో స్టీవ్ డర్కీ, బార్బరా డర్కీ దంపతులు, జొనాథన్ ఆల్ట్‌మన్ అనే మిత్రుడు కలిసి ఈ చోటు ఎంచుకున్నారు. అప్పటి అమెరికా యువతరంలో ఊళ్లు వదిలి కొండలకూ అడవులకూ వెళ్లి కలిసి బతుకుదామని బయల్దేరినవాళ్లు ఎందరో ఉన్నారు. అలాంటి సమాజాలు చాలావరకు కొన్నేళ్లకే చెదిరిపోయాయి. ఇది నిలిచింది. ఏ ఒక్క గురువుకూ, ఏ ఒక్క మతానికీ చెందకుండా నిలిచింది. శుక్రవారం సాయంత్రం యూదుల షబ్బాత్ దీపాలు వెలిగించే చోటే సూఫీల జిక్ర్, అంటే నామస్మరణ, జరుగుతుంది, బౌద్ధ ధ్యానం జరుగుతుంది, మన కీర్తనలూ పాడతారు. చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ భగవన్నామాలు పాడే శాంతి నృత్యాలను మొదలుపెట్టిన సూఫీ గురువు శామ్యూల్ లూయిస్ 1971లో పోయినప్పుడు ఆయన్ను ఈ కొండ మీదే సమాధి చేశారు. స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ డర్కీ తర్వాత ఇస్లాం స్వీకరించి నూరుద్దీన్ డర్కీ అయ్యారు. అదే రాష్ట్రంలో అబిక్యూ దగ్గర దార్ అల్ ఇస్లాం అనే కేంద్రం ఏర్పాటులో పాలుపంచుకున్నారు. అక్కడి పచ్చి ఇటుకల మసీదును రూపొందించింది ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ. మట్టితో పేదవాడికి చల్లని ఇల్లు కట్టవచ్చని జీవితమంతా వాదించిన మనిషి ఆయన.

మన దేశంతో లామాకు ఉన్న బంధం కూడా గట్టిదే. హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్రం బోధించిన రిచర్డ్ ఆల్పర్ట్ 1967లో భారతదేశం వచ్చారు. కుమావూ కొండల్లో నీమ్ కరోలీ బాబా పాదాల దగ్గర కూర్చుని, రామ్ దాస్ అనే పేరుతో తిరిగి వెళ్లారు. ఆయన మాటలను లామా వాసులు గోధుమరంగు కాగితాల మీద బొమ్మలతో, చేతిరాతలాంటి అక్షరాలతో అచ్చువేశారు. మొదట విడి కాగితాలుగా ఒక పెట్టెలో పెట్టి పంచారు. అదే 1971లో ‘బీ హియర్ నౌ’ అనే పుస్తకమైంది. లక్షల ప్రతులు అమ్ముడుపోయిన ఆ పుస్తకానికి తొలి ప్రచురణకర్త ఈ కొండ మీది సమాజమే. కింద టావోస్ పట్టణంలో నీమ్ కరోలీ బాబా ఆశ్రమం, హనుమంతుడి గుడి ఇప్పుడూ ఉన్నాయి. మీ పిల్లలు ఆ దేశంలో ఉంటే, ఆ వైపు వెళ్లినప్పుడు దర్శనం చేసుకోమనండి.

ఇంతవరకు చెప్పింది విని ఇదేదో ప్రశాంతమైన ఆశ్రమం కథ అనుకోకండి. అక్కడ బతకడం కష్టం. టావోస్ పట్టణంలో ఏడాది మొత్తానికి పడే వాన, మంచు కలిపి 12 అంగుళాల చుట్టుపక్కలే. కరువుకు మారుపేరైన మన అనంతపురంలో 22 అంగుళాలు పడుతుంది. కొండ మీద కాస్త ఎక్కువే పడుతుంది గానీ, పడేది చాలావరకు మంచు. పంటకాలం నిండా నాలుగు నెలలు కూడా ఉండదు. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం పూట ఉరుములతో ఒక్కసారిగా కుమ్మరించి వెళ్లిపోయే వానలను అక్కడివాళ్లు కూడా మాన్సూన్ అనే పిలుస్తారు. ఊటనీళ్లే తాగాలి, సోలార్ పలకలు ఇచ్చినంత కరెంటుతోనే సరిపెట్టుకోవాలి.

అలాంటి చోటుకు 1996 మే 5న అగ్ని వచ్చింది. హోండో కార్చిచ్చు అంటారు దాన్ని. ఏడు వేల ఎకరాలకు పైగా కొండను కాల్చేసింది. లామా వాసులు కట్టుబట్టలతో కిందికి దిగిపోయారు. తిరిగి వచ్చేసరికి దాదాపు ముప్పై ఏళ్లుగా చేతులతో కట్టుకున్న ఇళ్లలో చాలావరకు బూడిద. మధ్యనున్న గుమ్మటం మాత్రం మిగిలింది. ధ్యానానికి అందరూ చేరే చోటు అదే.

కార్చిచ్చు చెట్లను కాల్చడంతో ఆగదు. కాలే ఆకులు, పైన్ సూదుల నుంచి మైనంలాంటి ఆవిరి పుడుతుంది. అది నేలలోకి దిగి కాస్త లోతున చల్లబడి పొరలా గట్టిపడుతుంది. ఆ తర్వాత వాన పడితే నీరు ఇంకదు, బూడిదనూ మట్టినీ ఎత్తుకుని కిందికి దూకుతుంది. కొండల్లో నిప్పు వెనక వరద వచ్చేది ఇందుకే. అందుకని కాలిన కొండ మీద మొదట చేయాల్సింది మొక్కలు నాటడం అనుకుంటే పొరపాటు. ముందు నీటి నడక తగ్గించాలి. కాలి పడిన దుంగలనే తెచ్చి వాలుకు అడ్డంగా, ఒకే మట్టం మీద పరుస్తారు. దుంగ కింద సందు మిగిలితే నీరు అందులోంచి దూరి ఇంకా పెద్ద గండి కొడుతుంది. కాబట్టి నేలను కాస్త చెక్కి దుంగను కూర్చోబెట్టి, పై వైపు మట్టి కూరి తొక్కుతారు. వాగు పాయల్లో రాళ్లు పేరుస్తారు. ఎత్తుగా కాదు, ఒక్క రాయి ఎత్తున, పక్కపక్కనే బిగించి. న్యూ మెక్సికోలో అడవి శాఖలో పనిచేసి విరమించిన బిల్ జీడిక్ అనే ఆయన ఈ ఒంటిరాతి కట్టలకు పేరు తెచ్చారు. ఎత్తుగా కట్టిన కట్టను వరద పడగొడుతుంది. ఒక్క రాయి ఎత్తున్నదాని మీదుగా నీరు పొర్లిపోతూ ఒండ్రును వదిలి వెళ్తుంది. ఆ ఒండ్రులో గడ్డి మొలిచి, దాని వేళ్లే కట్టను పట్టుకుంటాయి.

లామా వాసులు కొండ వదిలి పోలేదు. మళ్లీ కట్టుకున్నారు. ఈసారి గడ్డి మోపులను గోడలుగా పేర్చి, రెండువైపులా మట్టి పూసి, దక్షిణానికి కిటికీలు పెట్టి కట్టారు. ఉత్తరాన అంత దూరంలో చలికాలపు సూర్యుడు దక్షిణాన కిందుగా తిరుగుతాడు. కిటికీలోంచి వచ్చే ఎండ మట్టినేలను వేడెక్కిస్తే అది రాత్రంతా ఇంటిని కాస్తుంది. రాయలసీమ మట్టిమిద్దెలో పెరిగిన ఎవరికైనా ఈ గోడల సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఆ ఏళ్లలో కొండ పైకి వచ్చి పనిచేసినవాళ్లకు ఇల్లు కట్టడం, నీరు నిలపడం, తోట వేయడం, సాధన చేయడం వేర్వేరు పాఠాలుగా దొరకలేదు. అన్నీ ఒకే రోజులో కలిసే వచ్చేవి. పర్మాకల్చర్, మట్టి ఇళ్ల శిక్షణలు లామాలో వేళ్లూనింది ఆ దశలోనే.

ఇప్పుడు పాఠం దగ్గరికి వద్దాం. పర్మాకల్చర్ విద్యార్థి మొదట చేయాల్సిన పని ఏమీ చేయకపోవడం. హోమ్‌గ్రెన్ 2002లో రాసిన పన్నెండు సూత్రాల్లో మొదటిది చూడటం గురించే. వీలైతే ఏడాది పాటు, అన్ని కాలాల్లో ఆ నేలను చూడమంటారు. ఎండ ఏ నెలలో ఎక్కడిదాకా వస్తుంది, గాలి ఏ దిక్కునుంచి కొడుతుంది, మంచు ఎక్కడ ముందు కరుగుతుంది, జింకలు ఏ దారిన వస్తాయి. చలిగాలి కూడా నీళ్లలాగే పల్లానికి జారి, లోయ అడుగున మడుగు కడుతుంది. అందుకే లోయలో పూత మాడిపోయిన రాత్రి కూడా వాలు నడుమ ఉన్న చెట్టు బతికి బయటపడుతుంది. ఇది పుస్తకంలో చదివితే ఒక వాక్యం. తెల్లవారుజామున కొండ దిగుతూ మోకాళ్ల దగ్గర చలి మారడం తెలుసుకుంటే ఆ మనిషి జన్మలో లోయ అడుగున పండ్ల చెట్టు నాటడు.

చూస్తూ కూర్చోవడం ఈ కాలపు మనుషులకు చాలా కష్టమైన పని. పొలం కొన్న వారానికే జేసీబీ తెప్పించేవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. పొద్దున గంటసేపు కదలకుండా కూర్చోవడం అలవాటైన మనిషికి వాన పడుతుంటే పొలం గట్టున నిలబడి చూడటం కాస్త సులువవుతుంది. ధ్యానం వల్ల పంట పండుతుందని నేను అనడం లేదు. తొందర తగ్గితే తప్పుడు చోట తవ్వడం తగ్గుతుంది, అంతే.

తవ్వడం గురించి ఒక్క విషయం వివరంగా చెప్పాలి. వాలు నేలలో నీటిని నిలిపే కందకం ఖచ్చితంగా ఒకే మట్టం మీద సాగాలి. దానికి ఇంజినీరు అక్కర్లేదు. సమానమైన రెండు నిలువు కర్రలు పైన కలిపి కట్టి, నడుమ ఒక అడ్డకర్ర బిగిస్తే ఇంగ్లీషు ఏ అక్షరం ఆకారం వస్తుంది, దాన్నే ఏ-ఫ్రేమ్ అంటారు. పైకొన నుంచి దారం వేలాడదీసి, దాని చివర ఒక రాయి కట్టాలి. నేల మీద నిలబెట్టి, రెండు కాళ్లు ఆనిన చోట గుర్తు పెట్టి, దారం అడ్డకర్రను తాకిన చోట బొగ్గుతో గీత గీయాలి. తర్వాత కాళ్లు మార్చి, కుడి కాలు ఉన్నచోట ఎడమది, ఎడమది ఉన్నచోట కుడిది పెట్టి, మళ్లీ గీత గీయాలి. ఆ రెండు గీతల నట్టనడుమ చోటే సరైన మట్టం. ఇక ఒక కాలు ఉంచి రెండో కాలు తిప్పుతూ, దారం ఆ నడుమ గీత మీదికి వచ్చేదాకా జరుపుతూ, ఒక్కో మేకు కొట్టుకుంటూ కొండ పొడవునా నడిచి వెళ్లిపోవచ్చు. వెనక్కి తిరిగి చూస్తే మేకుల వరస పాములా వంకర్లు తిరిగి ఉంటుంది. నేల తిన్నగా లేదు కనుక గీత తిన్నగా ఉండదు.

ఈ పనిని నేను జహీరాబాద్ వైపు ఎర్రనేలల్లో దగ్గరగా చూశాను. ఏ-ఫ్రేమ్ పట్టుకున్న పెద్దావిడ ఒకరు గాలికి ఊగుతున్న రాయి నిలిచేదాకా ఊపిరి బిగబట్టి ఆగారు. పక్కన మేకులు పట్టుకుని నిలబడ్డ కుర్రాడు ‘అయ్యింది పెద్దమ్మా, కొట్టేస్తా’ అంటుంటే, ‘ఆగు బిడ్డా, దారం ఇంకా ఆగలే’ అన్నారు. ఆవిడ చూపు ఆ దారం మీంచి కదల్లేదు. అంతటి ఏకాగ్రత ఏ ధ్యానమందిరంలోనైనా అరుదుగానే కనిపిస్తుంది.

గుర్తు పెట్టిన గీత వెంట కందకం తవ్వి, మట్టిని పల్లం వైపు గట్టుగా పోస్తారు. గట్టు మీద చెట్లు నాటుతారు. ఒక చివర అలుగు తప్పక ఉంచాలి, లేదంటే పెద్దవాన ఒక్కటి చాలు గట్టు తెగడానికి. మరీ నిటారు వాలు మీద కందకాలు అసలు తవ్వకూడదు. ఇంకిన నీటితో బరువెక్కి కొండ వాలే జారిపోవచ్చు. అలాంటి చోట దుంగలు, రాళ్ల వరసలు, గడ్డి, చెట్లే దిక్కు.

ఇక్కడొక వాదన ఉంది, దాన్ని దాచి మాట్లాడటం సరికాదు. పర్మాకల్చర్ బోధకుల్లోనే చాలామంది, ఈ శిక్షణలో ఆధ్యాత్మికత కలపవద్దంటారు. నీరు పల్లానికి పారడానికి ఎవరి నమ్మకంతోనూ పని లేదు, భక్తుడు తవ్వినా నాస్తికుడు తవ్వినా కందకం ఒకటే, నమ్మకాలు కలిపితే శాస్త్రం పలచబడుతుంది, నమ్మనివాడు బయటే ఉండిపోతాడు అని వాళ్ల మాట. ఇందులో నిజం ఉంది. ప్రకృతి శక్తులు, ప్రకంపనలు అంటూ నేల పరీక్ష మానేసిన పాఠాలను నేనూ హర్షించను. రెండు వారాల శిక్షణకు డబ్బు కట్టి వచ్చి, కొండగాలి పీల్చి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లకు పర్మాకల్చర్ దక్కదు, సాధనా దక్కదు.

అయినా లామా లాంటి చోట్ల ఈ రెండూ కలిసి ఉండటం అవసరమనే నా నమ్మకం. కారణం నమ్మకాల్లో లేదు, నిర్వహణలో ఉంది. కందకం తవ్వడం పదిమంది కలిస్తే ఒక పూట పని. ఉత్సాహం ఉంటుంది, పాటలు ఉంటాయి. దాన్ని ఇరవై ఏళ్లు కాపాడటం వేరే పని. ఏటా పూడిక తీయాలి, అలుగు దగ్గర రాళ్లు సర్దాలి, ఎలుకలు చేసిన బొరియలు మూయాలి, ఎండిన మొక్క చోట మళ్లీ నాటాలి. ఆ పనికి చప్పట్లు ఉండవు. వంటింట్లో గిన్నెలు తోమడం, ఎరువు మరుగుదొడ్డి డబ్బా మార్చడం, చలికాలంలో కట్టెలు కొట్టడం లాంటివే అవన్నీ. ప్రపంచమంతటా గొప్పగా గీసిన పొలాల నమూనాలు పాడైపోయేది గీతలో తప్పుండి కాదు. ఆ గీతను పట్టించుకునే మనిషి మూడో ఏడు వెళ్లిపోవడం వల్ల, లేదా ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేయడం వల్ల.

లామాలో నిర్ణయాలు ఓటుతో తీసుకోరు. అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడతారు. వినడానికి బాగుంటుంది గానీ, ఆచరణలో అది ఎంత ఓపిక పని అనేది ఏ ఉమ్మడి కుటుంబంలోని పెద్దకోడలిని అడిగినా చెబుతుంది. ఒక్కరు కాదన్నా ఆగాలి, ఆ ఒక్కరు ఎందుకు కాదంటున్నారో వినాలి. వినేటప్పుడు మన జవాబు మనసులో తయారు చేసుకోకుండా వినాలి. ఉదయం మౌనంగా కూర్చోవడం అక్కడ అక్కరకొస్తుంది. గిన్నెలు తోమడం, వంట చేయడం వంతులవారీగా అందరికీ వస్తాయి. పర్మాకల్చర్ రెండో నియమం మనుషుల్ని చూసుకోవడం కదా. 72 గంటల పాఠంలో దానికి దొరికేది కొద్ది సమయమే. కొండ మీద మాత్రం ప్రతి భోజనంలోనూ, ప్రతి తగాదాలోనూ అదే పాఠం.

అయితే సాధనా, నిర్వహణా కలిసే సాగాలన్న ఈ సంగతిని ఆ ప్రాంతంలో మొదట కనిపెట్టింది లామా వాసులు కాదు. వాళ్లకు చాలా ముందు నుంచి అక్కడ బతుకుతున్నవాళ్లకు తెలుసు. టావోస్ పట్టణం పక్కనే టావోస్ పుయెబ్లో అనే ఆదివాసుల ఊరు ఉంది. అంతస్తులుగా పేర్చిన మట్టి ఇళ్లలో వందల ఏళ్లుగా మనుషులు ఎడతెగకుండా ఉంటున్నారు. 1992లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. ఆ ఊరి మధ్యగా పారే ఏరు కొండపైన బ్లూ లేక్ అనే సరస్సులో పుడుతుంది. ఆ సరస్సు వాళ్లకు దేవుడి చోటు, తాగునీటి చోటు, రెండూ. 1906లో అమెరికా ప్రభుత్వం దాన్ని జాతీయ అటవీ భూమిగా కలిపేసుకుంది. నష్టపరిహారం డబ్బు ఇస్తామంటే వాళ్లు పుచ్చుకోలేదు. 64 ఏళ్లు పోరాడి, 1970 డిసెంబరులో సరస్సును, చుట్టూ ఉన్న 48 వేల ఎకరాలను వెనక్కి తెచ్చుకున్నారు. డబ్బు తీసుకుని ఉంటే ఈ రోజు ఆ ఏరు ఎవరి చేతుల్లో ఉండేదో ఊహించండి. భక్తి నీటిని కాపాడిన చరిత్ర అది.

పుయెబ్లో వాసుల తర్వాత ఆ ప్రాంతానికి వచ్చిన స్పానిష్ వలసదారులు అసేకియాలు తవ్వారు. అంటే ఊరుమ్మడి సాగుకాలువలు. ఆ విద్య అరబ్బుల నుంచి స్పెయిన్‌కు, అక్కడి నుంచి న్యూ మెక్సికోకు ప్రయాణం చేసింది. 1598 తర్వాత స్థిరపడ్డ ఊళ్లలో ఇలాంటి కాలువలు ఇప్పటికీ వందల సంఖ్యలో పారుతున్నాయి. కాలువ బాగోగులు చూడటానికి రైతులు తమలో ఒకరిని ఎన్నుకుంటారు, ఆయన్ను మయోర్‌దోమో అంటారు. ఎవరికి ఏ రోజు ఎంతసేపు నీళ్లో ఆయనే చెబుతాడు. నీళ్లు తక్కువైన ఏడు అందరికీ తక్కువే. ఏటా వసంతంలో కాలువ పూడిక తీసే రోజు ఒకటి ఉంటుంది, నీటిలో వాటా ఉన్న ప్రతి ఇల్లూ మనిషిని పంపాలి, లేదా కూలి కట్టాలి. మే 15న రైతుల రక్షకుడైన సాన్ ఇసిద్రో పండుగ. ఆ సాధువు విగ్రహాన్ని పొలాల వెంట, కాలువల వెంట ఊరేగిస్తారు. పూజ చేసిన కాలువను పూడిపోనివ్వడం ఎవరికీ మనసొప్పదు.

తెలంగాణ పల్లెలో పుట్టినవారికి ఈ మాట వినగానే కట్టమైసమ్మ గుర్తుకు వచ్చి ఉంటుంది. చెరువు కట్ట మీద చెట్టు కింద పసుపు కుంకుమలతో ఉండే తల్లి. చెరువు నిండి అలుగు పారితే ఆమెకు బోనం. కట్టను తొక్కిపోయే ప్రతివాడూ ఆమె కళ్లముందే పోవాలి. కట్ట మీద దేవతను నిలిపినవాళ్లకు నీటి విద్య బాగా తెలుసు. కాకతీయులు కట్టించిన గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు కింది చెరువుకు కాలువ అవుతుంది, ఒక్క చుక్క వృథా పోదు. పర్మాకల్చర్ పుస్తకంలో వాలు నేల మీద నీటి ఏర్పాటు బొమ్మ చూసినప్పుడు నాకు రామప్ప, పాకాల చెరువులే కళ్లముందుకొస్తాయి.

మన దగ్గర మయోర్‌దోమో పని చేసినవాడు నీరటి. రాయలసీమలో నీరుగంటి అంటారు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎప్పుడు నీళ్లు విడవాలి, కట్టకు ఎక్కడ బుంగ పడింది, అన్నీ ఆయన చూపులోనే ఉండేవి. కోతల తర్వాత ఆయనకు ధాన్యం మేర కొలిచేవారు. అయితే ఈ ఏర్పాటును తలచుకుని మురిసిపోవడం దగ్గరే ఆగలేం. చాలా ఊళ్లలో ఆ పని తరతరాలుగా దళిత కుటుంబాల మీద కులం పేరుతో పెట్టింది. రాత్రివేళ వానలో కట్ట కాసినవాడికి అదే చెరువు కింద సొంత మడి ఉన్నది తక్కువ. న్యూ మెక్సికో కాలువ మీద వాటాదారుడే పార పట్టాలి, లేదా కూలి కట్టాలి, పెద్దనూ తనే ఎన్నుకోవాలి. లామాలో ధ్యానం నేర్పేవాడూ గిన్నెలు తోమాలి. మనం వాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే, నా దృష్టిలో అది ఇదే. కందకం, అలుగు, మట్టిగోడ మనకు వాళ్లు నేర్పక్కర్లేదు.

బోర్లు వచ్చాక ఎవరి నీళ్లు వాళ్లవయ్యాయి, చెరువు ప్రభుత్వానిదైంది, నీరటి పోయాడు. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలని తలపెట్టింది. మంచి పనే. యంత్రం పూడిక తీస్తుంది. మర్నాటి నుంచి తూము చూసే మనిషి ఎవరన్న ప్రశ్న మాత్రం యంత్రం తీర్చేది కాదు.

ఈ పాఠాలు మన నేలకు పరాయివీ కావు. బిల్ మాలిసన్ స్వయంగా 1987లో మన దేశం వచ్చి శిక్షణ ఇచ్చారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పర్మాకల్చర్ క్షేత్రాన్ని పెంచింది. ఆ సంస్థ సంఘాల్లోని దళిత మహిళా రైతులే జొన్న, కొర్ర, సామ విత్తనాలను కాపాడి ఇళ్లలో నిలిపారు. కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు 1999లో అరణ్య సంస్థను మొదలుపెట్టి, బిడకన్నె గ్రామంలో పొడిబారిన నేలను తోటగా మార్చి, అక్కడే శిక్షణ ఇస్తున్నారు. 2017 నవంబరులో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశం హైదరాబాద్‌లో మొదలై ఆ బిడకన్నెలోనే ముగిసింది. దేశదేశాల నుంచి వచ్చినవాళ్లు మన రైతుల దగ్గర కూర్చుని విన్నారు. లామా కొండ దాకా వెళ్లే శక్తి అందరికీ ఉండదు. బిడకన్నెకు బస్సులో వెళ్లవచ్చు.

శ్రోతలకు ఒక విన్నపం. ఈసారి మొదటి పెద్దవాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని మీ పొలం పై కొస నుంచి కింది కొస దాకా నడవండి. నీరు ఎక్కడ పరుగెడుతోందో, ఎక్కడ మట్టి ఎత్తుకుపోతోందో చూసి గుర్తులు పెట్టుకోండి. మీకు పొలం లేకపోతే మీ ఊరి చెరువు కట్ట మీద నడవండి. తూము, అలుగు, చెరువులోకి నీరు తెచ్చే కాలువ, ఈ మూడింటినీ ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారో వచ్చే గ్రామసభలో లేచి అడగండి. ఎవరూ లేరని తేలితే, ఆయకట్టు రైతులంతా కలిసి ఒకరిని ఎన్నుకోండి. ఆ మనిషి ఏ కులమైనా సరే, ఆడవారైనా మగవారైనా సరే. పనికి తగ్గ కూలి అందరూ కట్టండి. ఏడాదికి ఒక రోజు పూడిక తీయడానికి ప్రతి ఇంటి నుంచీ ఒకరు పార పట్టుకుని రండి.